ముందు పలికినదే సున్నా

మార్చి 1, 2025. టాంపినీస్

రిటైరైన తొమ్మిదేళ్ళకి కంపెనీకి నేను గుర్తొచ్చాను. ఫోన్ చేసిన అమ్మాయి పేరు కావ్యశ్రీ. ప్రొద్దుటూరు నుంచి ఈ ద్వీపదేశానికి చదువుకోడానికి వచ్చి, మా పాత డిపార్ట్‌మెంటులోనే ఉద్యోగంలో చేరిందట. కోల్డ్ రూములని నడిపే మా కంట్రోలర్ పెట్టెకి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ మొదటినుంచి రాస్తున్నారు. అందులో ఏ పరికరాన్ని ఏ పేరుతో పిలవాలో చెప్పే నియమాల కాగితం ఒకటి కావాలి. 2002లో నేను రాసిన కాగితం ఎక్కడో దొరికిందట.

"అంకుల్, దాన్ని మీరే కూర్చుని సరిచేసిస్తే బాగుంటాది" అంది.

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేమీ లేదు. ఫోన్ పెట్టేసి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

"ఆ అమ్మాయి మాట్లాడింది ఫోన్లోనే కదండీ. ఇస్త్రీ దేనికి?" అంది భానుమతి.

మార్చి 3

మన వ్యాకరణాలు ఊరికే సంజ్ఞలతో మొదలవలేదు. దేన్ని ఏమని పిలుస్తామో ముందు తేల్చుకుంటే తరవాత మాట్లాడుకోవచ్చు. కుండ వేరా, కుండతనం వేరా అని తార్కికులు వందల ఏళ్ళు పోట్లాడుకున్నారు. నేను ఇరవై ఏళ్ళు పనిచేసిన చోట మాత్రం, పేరంటే టీకి లేచేముందు కీబోర్డు మీద చెయ్యిపడ్డ నాలుగక్షరాలు.

కొన్ని నమూనాలు ఇక్కడ రాసిపెట్టుకుంటాను. మంచివాళ్ళని మరిచిపోతే పాపం.

ఒక మేనేజరు పరికరాలన్నింటికీ పళ్ళ పేర్లు పెట్టించాడు. టీమ్ స్పిరిట్ కోసమట. పొద్దున్నే కస్టమరు ఫోన్: "డ్యూరియన్ చచ్చిపోయింది, రంబుటాన్ వేడెక్కింది." ఏది పంపో ఏది ఫ్యానో తెలుసుకోడానికి గోడమీద పళ్ళ పట్టిక వేలాడదీశాం. ఇంకొకాయన అచ్చులన్నీ తీసేసేవాడు. ఆయన రాసిన 'టెంపరేచర్' చదివితే నోట్లో గులకరాళ్ళు పోసుకున్నట్టుండేది. మూడో ఆయన 'ఫ్యాన్ న్యూ' అని పెట్టాడు. మరుసటేడు 'ఫ్యాన్ న్యూ టూ'. ఆ తరవాత 'ఫ్యాన్ లేటెస్ట్'. ఆ లేటెస్టు వయసు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు.

వీళ్ళందరికీ నాకంటే ముందు ప్రమోషన్లు వచ్చాయి. నాకు ఎవరిమీదా కోపం లేదు.

మార్చి 8

కావ్యశ్రీ వచ్చింది. సన్నగా ఉంది, సంచీ మాత్రం ఆమెకంటే పెద్దది. భానుమతి పెసరట్లు వేసింది. మూడోది తింటూ ఆ పిల్ల అడిగింది.

"అంకుల్, ఈ నియమం ఒకటి నాకు అర్థం కాలే. కరెంటు రాంగానే పెట్టె అందరినీ పిలుస్తాది, సరే. ఏ కూలింగ్ యూనిట్ ముందు పలికితే దానికి కూలర్ సున్నా అని పేరు. తర్వాత పలికిన దానికి కూలర్ ఒకటి. అంతేనా?"

"అంతే. క్లుప్తంగా ఉంటుంది. ఎవరూ ఏమీ రాసిపెట్టుకోనక్కర్లేదు."

"మరి ఒకదినం రెండోది ముందు పలికితే?"

"పలకదు."

"పలికితే అంకుల్?"

ఇంకో అట్టు వెయ్యమని భానుమతిని కేకేశాను. అయినా ఆ పిల్ల వదల్లేదు. లాప్‌టాప్ తిప్పి చూపించింది. పాత కోడులో, సరిగ్గా నా నియమం ఉన్నచోట, ఎవరో ఇంగ్లీషులో ఒక వాక్యం రాసిపెట్టారు. 'వచ్చిన వరసనిబట్టి పేరు పెట్టొద్దు, ఉన్న చోటునిబట్టి పెట్టండి.' కింద 'పి' అని ఒక అక్షరం.

"ఈ పి ఎవరు అంకుల్? నేను అడగాలనుకునింది ఈయన అప్పుడే రాసినాడు."

"గుర్తులేదమ్మా. చాలామంది వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు."

మార్చి 9

గుర్తులేదన్నాను. తెలియదనలేదు. రెండూ ఒకటి కావు.

మార్చి 12

పరశురాముడు. బుకిట్ పంజాంగ్‌లో ఉండేవాడు, ఇప్పుడూ అక్కడే ఉంటాడనుకుంటాను. మలేషియాలో పుట్టినవాడు. వాళ్ళ తాత పేరాక్ వైపు కొబ్బరితోటలో పనికి అప్పటి విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కాడట. మనిషి మాట్లాడితే శ్రీకాకుళం, అరవం, మలయ్ ఒకే విస్తట్లో వడ్డించినట్టుంటుంది. పెద్ద చదువేమీ లేదు, డిప్లొమా. నాకు రెండు డిగ్రీలు.

నేను నియమాలు ప్రతిపాదించిన మీటింగులో లేచి నిలబడ్డాడు. వాళ్ళ తాత తోటలో పొద్దున్నే హాజరు వేసేవాళ్ళట. వరసలో ముందు నిలబడ్డవాడు ఒకటి, తరవాతివాడు రెండు. ఆ రోజంతా అదే పేరు. ఒకరోజు పదిహేడో నంబరు మనిషి కత్తి పారేశాడు. మర్నాడు పదిహేడో నంబర్ని రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. ఆ రోజు పదిహేడు వాళ్ళ తాత.

"అందుకని సెప్తన్నాను, వరసనిబట్టి పేరెట్టకండి" అన్నాడు.

"పరశురాం, ఇది కొబ్బరితోట కాదు" అన్నాను.

అందరూ నవ్వారు. నేను హాస్యం బాగా పండిస్తానని అప్పట్లో పేరుండేది.

మార్చి 15

కావ్యశ్రీ మళ్ళీ వచ్చింది. ఈసారి 2003 నాటి రిపోర్టు తెచ్చింది.

"అంకుల్, భలే స్టోరీ దొరికింది. పూలకథ."

నాకు తెలియని కథ కాదు. ఒక కస్టమరుకి రెండు గదులు. ఒకదాంట్లో ఎగుమతికి ఆర్కిడ్ పూలు, ఒకదాంట్లో గడ్డకట్టిన రొయ్యలు. ఆదివారం పిడుగుపడి కరెంటు పోయి వచ్చింది. సోమవారం పొద్దున తలుపు తీస్తే పూలు గాజుముక్కల్లా ఉన్నాయి. చెయ్యి తగిలితే విరిగాయి. పక్క గదిలో రొయ్యలు, పూలకి తగిన చల్లదనంలో హాయిగా కుళ్ళుతున్నాయి.

రిపోర్టు చివర కారణం ఉంది. 'యూనిట్లు బిగించినప్పుడు కేబుళ్ళు తారుమారు చేయడం. బిగించినది: పరశురాముడు.'

"దీన్ని మన కాగితంలో ఎగ్జాంపుల్‌గా పెడతాను అంకుల్. మనిషి ఒకసారి తప్పు చేస్తే పేర్లన్నీ ఎట్ల తిరగబడతాయో బాగా తెలుస్తాది. ఏప్రిల్ ఐదున కంపెనీకి ముప్ఫై ఏళ్ళని లంచ్ పెడతాండారు కదా, అక్కడ స్లైడ్ కూడా చూపిస్తా. పాతవాళ్ళనంతా పిలిచినాం. ఈ పరశురాముడు అంకుల్ కూడా వస్తామన్నాడంట, ఆంటీతో."

"ఆయన ముందే చూపిస్తావా?"

"సరదాగా అంకుల్. ఇరవై రెండేళ్ళయింది, ఎవరు ఫీలైతారు?"

కాగితం ఎప్పటికి కావాలన్నాను. ఇరవై ఎనిమిదో తేదీ శుక్రవారానికట.

మార్చి 16

ఆకలి బాగానే వేసింది. నడకకి వెళ్ళాను.

మార్చి 17

నడకకి వెళ్ళాను.

మార్చి 18

ఈ నోటుపుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి నీళ్ళు నమలడం దేనికి.

కేబుళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ఆ సోమవారం వెళ్ళి నేనే చూశాను. రెండు వారాల ముందు పూలగది యూనిట్ పాడైతే పరశురాముడు కొత్తది బిగించాడు. పాతదాన్ని పీకినచోటే, అదే సాకెట్టులో, వేలెత్తి చూపడానికి లేకుండా. కొత్త యూనిట్ పాతదానికంటే చురుకైనది. అంతవరకూ ఎప్పుడూ రొయ్యల యూనిటే ముందు పలికేది. ఆ ఆదివారం కరెంటు పోయి రాగానే ఈ కొత్తది దానికంటే రెండు సెకన్లు ముందు పలికింది. ముందు పలికినదే కూలర్ సున్నా. కూలర్ సున్నా అంటే రొయ్యలు అని పెట్టె అనుకుంది. పూలకి రొయ్యల చలి పెట్టింది.

నియమం నాది. రిపోర్టూ నేనే రాశాను.

ఆ నెలలోనే చీఫ్ ఆర్కిటెక్టు పదవికి నా పేరు వెళ్ళింది. ఇది కారణమని అనను. ఆ రెండూ ఒకే నెలలో జరిగాయని మాత్రం అంటాను. పరశురాముణ్ణి బయటి పనులనుంచి తీసి టెస్టింగ్‌లో కూర్చోబెట్టారు. పదకొండేళ్ళు కిటికీ లేని గదిలో పరికరాలకి కరెంటు ఇవ్వడం, తియ్యడం, ఇవ్వడం. కారిడార్లో కనిపిస్తే నాకు నమస్కారం పెట్టేవాడు. వెటకారమేమోనని ప్రతిసారీ మొహంలోకి చూసేవాణ్ణి. కాదు.

మార్చి 20

"ఏవండీ, ఒంట్లో బాగాలేదా?" అంది భానుమతి.

"ఏం?"

"ఐదు రోజులైంది మీరు ఎవర్నైనా తిట్టి. పళ్ళ మేనేజర్ని కూడా తల్చుకోలేదు. డాక్టరు దగ్గరికెళ్దామా?"

చెప్పేశాను. కందిపప్పు ఏరుతూ అంతా వింది.

"అయితే ఇన్నాళ్ళూ ఆయన గురించి మనింట్లో ఒక్క చెడ్డమాట వినపడనిది ఇందుకా" అంది. "మీరు తిట్టని మనిషి ఒకడున్నాడంటే ఎవరో మహానుభావుడనుకున్నాను."

మార్చి 22

బుకిట్ పంజాంగ్ వెళ్ళాను. ఈ ద్వీపానికి అదొక చివర, నేనొక చివర. రైలు, మళ్ళీ రైలు, ఆ తరవాత ఇళ్ళ కిటికీల మధ్యనుంచి వెళ్ళే బుల్లి రైలు. దారిపొడుగునా ఏం చెప్పాలో వరసగా కూర్చుకున్నాను. ఉపోద్ఘాతం, నాటి పరిస్థితులు, నా బాధ్యత, ముగింపు.

వాళ్ళ బ్లాకు కింద కాఫీ దుకాణంలో కూర్చున్నాడు. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. నేను వస్తానని ఫోన్ చేసినందుకు టిష్యూ ప్యాకెట్టు పెట్టి నాకో కుర్చీ ఆపి ఉంచాడు, ఇక్కడి మాటలో చోప్ చేశాడు.

"రండి చీఫ్ ఆర్కిటెక్టుగారూ" అన్నాడు. "తొమ్మిదేళ్ళు రిటైరై కూకున్నా ఇస్త్రీ నలగనేదు."

ఉపోద్ఘాతం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే చెయ్యెత్తాడు.

"రామయ్యా, ఆ రిపోర్టు నువ్వే రాసినావని నాకు ఆ రోజే తెల్సు."

"ఎలా? నా సంతకం లేదే."

"పేజీలో మూడు సార్లు 'కాన్సీక్వెంట్లీ' అని ఉండాది. మన ఆపీసులో ఇంకెవుడు రాస్తాడు?"

కాఫీ తాగాను. కాలింది. కావ్యశ్రీ స్లైడు సంగతి చెప్పాను. రిపోర్టు తప్పని, తప్పు నాదని, ఆ రోజు మీటింగులో పరశురాముడు ముందే హెచ్చరించాడని, పేర్లతో సహా కాగితంలో రాస్తానని చెప్పాను. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే బాగుంది.

అతను చాలాసేపు కప్పులో చెంచా తిప్పాడు.

"నీ పేరు రాసుకో. నా పేరు తీసెయ్యి. తప్పులోనూ వద్దు, ఒప్పులోనూ వద్దు."

"అదేమిటి? ఇరవై రెండేళ్ళకి న్యాయం జరుగుతుంటే."

"ఆ టయానికి మా రత్నమ్మకి ఆపరేషనయ్యింది. నేను జొహోరు, బటామ్ అని నెలకి పది రోజులు ఊళ్ళట్టుకు తిరిగేవోణ్ణి. టెస్టింగులో కూకోమన్నారని ఇంటికొచ్చి ఎలా సెప్పేది? నీకోసమే అడిగి మార్పించుకున్నానే, ఇంక రోజూ ఆరింటికి ఇంట్లో ఉంటానన్నాను. అది పట్టుకుంది. పెళ్ళిళ్ళలో సెప్తాది, మనవలకి సెప్తాది. మీ తాత నాకోసం పెద్ద ఉద్యోగం ఒదులుకున్నాడని." చెంచా బల్లమీద పెట్టాడు. "నలభై ఏళ్ళ కాపురంలో నేను దానికి సేసిన గొప్పపని అదొక్కటే. అదీ నువ్వు సేసిందే, రామయ్యా."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"లంచికి ఆమె కూడా వొస్తంది. నా పేరు తెర మీదేసి, పాపం ఈ మనిషిని అన్యాయంగా తీసి కూకోబెట్టారని రాస్తే, ఇంటికెళ్ళి నేనేటి సెప్పాల?"

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. "అది ఇలా తే" అని నా చేతిలోని కొత్త నియమాల చిత్తుప్రతి లాక్కున్నాడు. కళ్ళజోడు లేదు, చెయ్యంత దూరం పెట్టి చదివాడు.

"సాకెట్టునిబట్టి పేరా? ఇదీ తప్పే."

"నువ్వు చెప్పిందే కదయ్యా, ఉన్న చోటునిబట్టి అని."

"అప్పుడు నేనూ కుర్రోణ్ణే. పదకొండేళ్ళు టెస్టింగులో కూకున్నాక తెల్సింది. క్లీన్ సేసేటప్పుడు ఎవుడో రెండు కేబుళ్ళు పీకి అటుదిటు పెడతాడు. సాకెట్టు అలాగే ఉంటాది, యూనిట్ మారిపోతాది. గది పేరు పెట్టు. గదికి కాళ్ళు నేవు."

"ఏది ఏ గదిలో ఉందో పెట్టెకెలా తెలుస్తుంది?"

"ప్రతి యూనిట్ ఒంటిమీద దాని సీరియల్ నంబరుంటాది. ఆ నంబరు యూనిట్ ఏ గదిదో మనిషి ఒక్కసారి రాసిపెట్టాల."

"యూనిట్ మారిస్తే?"

"మళ్ళీ రాయాల."

"రాయడం మరిచిపోతే?"

"రాసేదాకా పెట్టె దాన్ని నడపకూడదు. గంట కొట్టి మనిషిని పిలవాల."

"గదులు చెడిపోవూ?"

"తెలీక నడిపితే రెండు గదులు చెడ్డాయి. ఆపితే ఒకటే చెడతాది. ఎంచుకో."

రెండు గంటలు పోట్లాడుకున్నాం. పక్క బల్లవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. నా రెండు డిగ్రీలు రెండుసార్లు బయటికి తీశాను, పనిచెయ్యలేదు. 2002లో ఆ మీటింగు ఇలా జరిగి ఉండాల్సింది.

లేచేటప్పుడు అడిగాను. "కారిడార్లో నమస్కారం పెట్టేవాడివి. ఎందుకు?"

"నువ్వు నన్ను సూసి తల దించుకునేవోడివి కదా. ఏదో ఒకటి సెయ్యాల కదా ఇద్దర్లో ఒకళ్ళం."

నేను తల దించుకునేవాణ్ణని నాకు తెలియదు.

మార్చి 23

అతను చెప్పిన నియమమే సరైనది. పొద్దుటినుంచీ తప్పు వెతుకుతున్నాను. మధ్యాహ్నానికి ఒకటి దొరికింది. సాయంత్రానికి అది కూడా తప్పు కాదని తేలింది.

మార్చి 26

ఉదాహరణ రాసే పేరా పదకొండుసార్లు కొట్టేశాను. 'కొందరి అభిప్రాయం ప్రకారం' అని ఒకసారి. 'నాటి సాంకేతిక పరిమితుల దృష్ట్యా' అని ఒకసారి. 'నియమం రూపొందించబడినప్పుడు' అని ఒకసారి. ఎవరు రూపొందించారో చెప్పకుండా వాక్యం ముగించడానికి ఎన్ని దారులున్నాయో చూస్తే ముచ్చటేసింది. పళ్ళ మేనేజరు నయం. డ్యూరియన్ చచ్చిపోయిందని ధైర్యంగా చెప్పేవాడు.

మార్చి 28

కాగితం పంపించాను. ఉదాహరణ ఇదీ:

'2003లో కేబుళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ముందు పలికిన యూనిట్‌కి ముందు పేరు ఇవ్వాలన్న నియమం తప్పు. ఆ నియమం పెట్టినది దశరథరామయ్య. ప్రమాదాన్ని ముందే చెప్పిన సహోద్యోగి మాట అతను వినలేదు. తరవాత తప్పుడు కారణంతో రిపోర్టు రాసి, ఆ తప్పుని అదే సహోద్యోగి మీదకు నెట్టినదీ అతనే.'

పావుగంటలో కావ్యశ్రీ ఫోన్.

"అంకుల్, ఇది నిజమా?"

"నిజం."

"మీ ఫుల్ నేమ్ అవసరమా అంకుల్? ఒక ఇంజినీరు అని రాస్తే సాల్దా?"

"చాలదు. చదివినవాడికి ఎవరా అని సందేహం రాకూడదు."

"మరి ఆ సహోద్యోగి పేరు ఎందుకు రాయలేదు? ఆయన కదా కరెక్ట్. ఆ రిపోర్టులో ఉండే..."

"కొత్త నియమం చెప్పిందీ ఆయనే, అయినా పేరు వద్దన్నాడు. ఆ రిపోర్టు నువ్వు ఎవరికీ చూపించకు. ఇది నియమం కాదు, నేను అడుగుతున్నాను."

"సరే అంకుల్" అంది. మునుపటంత హుషారుగా అనలేదు. ఇకమీద శనివారాలు వస్తుందో రాదో.

ఏప్రిల్ 5

లంచ్ అయింది. అంతా రాసేస్తాను.

హాల్లో ఎనభై మంది. కావ్యశ్రీ తెర మీద పూల ఫోటో వేసింది, ఆర్కిడ్లు గాజులా విరిగిన ముక్కలు. కుర్రాళ్ళు నవ్వారు. పక్కన రొయ్యల సంగతి చెప్పగానే ఇంకా నవ్వారు. తరవాతి స్లైడులో నా పేరు వచ్చింది, పూర్తిగా, అక్షరం పోకుండా. మూడోసారి ఎవరూ నవ్వలేదు. పాతవాళ్ళలో ఇద్దరు నావైపు తిరిగి, మళ్ళీ వెంటనే తెరవైపు తిరిగారు. ఒకాయన, అచ్చులు తీసేసే ఆయనే, నా భుజం తట్టబోయి ఆగి తన కుర్చీ సర్దుకున్నాడు. భానుమతి బల్లకింద నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళిలో పురోహితుడు చెప్తే పట్టుకుంది, ఆ తరవాత ఇదే.

కావ్యశ్రీ కొత్త నియమం చదివింది. పేరు గదిది. పేరు తెలియని యూనిట్‌ని పెట్టె నడపకూడదు. కుర్రాళ్ళు బల్లలు చరిచారు. ఎవరు రాశారని వెనకనుంచి ఎవరో అడిగారు. "ఇద్దరు పెద్దవాళ్ళు" అంది కావ్యశ్రీ, మా ఇద్దరివైపు చూడకుండా.

భోజనాల బల్ల దగ్గర మా నలుగురికీ ఒకేచోట కుర్చీలు వేశారు. రత్నమ్మని చూడటం అదే మొదలు. చిన్న మనిషి, పెద్ద బొట్టు. నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

"అన్నయ్యా, తప్పు ఒప్పుకున్నారు, అది మంచిదే. ఆలస్యంగా ఒప్పుకున్నారు, అదీ సెప్పాల."

"అవునమ్మా."

"కానీ ఆ రెండో మనిషున్నాడే, నిందపడ్డోడు, ఆడెవుడో గానీ ఉత్త బోడో. బుర్రలేనోడు. ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూకుంటాడా ఎవుడైనా? పెళ్ళాంబిడ్డలుండరా ఆడికి, అడగరా?" పరశురాముడి కంచంలోకి కోడికూర వడ్డిస్తూ అంది. "మా ఆయనకి సేసి సూడమనండి. ఊరుకుంటాడా?"

భానుమతి మంచినీళ్ళ గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టింది. ఎంతకీ దించలేదు.

పరశురాముడు ఎముక తీసి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. నావైపు తిరిగాడు.

"నేనా?" అన్నాడు. "ఆ రోజే కాలరట్టుకుని గోడకి కొట్టీసుందును."

"సూసినారా" అంది రత్నమ్మ.

"చూశానమ్మా" అన్నాను, కాలరు సర్దుకుంటూ.